పచ్చచాయ్ తాగినోని రక్తం

"ఆకలి కాదు. గంతే. అంతకుమించి నేనేం చెప్తలేను. పొద్దుగాల ఒక్క గ్లాసు పచ్చచాయ్ తాగితే పొద్దుగూకేదాంక ఆకలన్నదే యాదికి రాదు. అబద్ధమైతే ఈ గ్లాసు నా చేతులనే పగలాలె."

"నీ చేతుల పగిలినా గ్లాసు నాదేనే వెంకట్రాజమన్నా. పైలం, పగలగొట్టకు," అన్నాడు మొగిలయ్య.

వరంగల్ పెద్దదవాఖాన గేటుకు ఎదురుగా మొగిలయ్య చాయ్ హోటల్. హోటల్ అంటే నాలుగు రేకులు, రెండు బెంచీలు, ఒక బొగ్గుల పొయ్యి. స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం కూలి నెత్తిన పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు మేకలను కోసుకుతిన్న ఏడాది గడిచి, మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పొద్దున ఎనిమిదికే రేకులు కాలుతున్నాయి.

ఎదురుగా దవాఖాన గోడ మీద ఖాళీ జాగా లేదు. నాలుగు సంఘాల వాళ్ళు నాలుగు రంగుల్లో రాశారు. రక్తం ధారపోసైనా భూమి సాధిస్తామన్నారు ఒకరు. అమరుల రక్తం వృథా పోదన్నారు ఇంకొకరు. చివరి రక్తపు బొట్టు వరకు పోరాడతామన్నారు మరొకరు. రక్తం లేని నినాదం ఒక్కటీ లేదు. గోడకు అవతల, లోపలి గదిలో, ఒక బాటిల్ రక్తం కావాలంటే మాత్రం ఒక మనిషిని తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాలి.

ఆ మనిషి కోసమే కొమురెల్లి బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. పరకాల దగ్గర పల్లె. భార్య కట్టమ్మ కడుపులో గడ్డ. ఆపరేషన్ ఇవాళే. ఒక బాటిల్ అతని దగ్గరే తీశారు, మోచేతి మడతలో దూది ఇంకా అంటుకునే ఉంది. రెండోది కావాలన్నారు. ఏ గ్రూపైనా సరే, ఎవరైనా ఒకరిస్తే దానికి బదులు కట్టమ్మకు సరిపడే బాటిల్ ఇస్తారు. పదింటిలోపల మనిషి రాకపోతే ఆపరేషన్ పై వారానికి పోతుంది. కట్టమ్మ పై వారం దాకా ఆగేట్టు లేదని నర్సు మొహం చూస్తేనే తెలుస్తోంది.

తోడు వచ్చిన తమ్ముడూ బామ్మర్దీ రక్తం మాట వినగానే పరకాల బస్సెక్కారు. వాళ్ళ లెక్కలో ఒంట్లోంచి తీసిన రక్తం మళ్ళీ ఊరదు. ఇచ్చినవాడు నాగలి పట్టలేడు, మూట ఎత్తలేడు. వాళ్ళను తిట్టి ఏం లాభం? ఊరుతుందని వాళ్ళకు చెప్పినవాడు లేడు. గోడకు ఇంత రంగు పూసినవాళ్ళలో ఒక్కడికీ ఆ ఒక్క ముక్క రాయాలని తోచలేదు.

కొమురెల్లి చాయ్ చల్లారిపోయింది. తెలియని ఊళ్ళో తెలియనివాళ్ళను బియ్యం అడగొచ్చు, బీడీ అడగొచ్చు. రక్తం ఎట్లా అడుగుతాడు? నోరు తెరిచినప్పుడల్లా వెంకట్రాజం మాట అడ్డం వస్తోంది.

వెంకట్రాజానికి అరవై దగ్గర పడ్డాయి. చొక్కాకు ఇస్త్రీ ఉంటుంది, చొక్కాలో మనిషి ఉండడు, అంత సన్నం. మిలిట్రీలో చేశానంటాడు. ఏం పని చేశాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సంచిలో ఎప్పుడూ ఒక రేకు డబ్బా ఉంటుంది, అందులో ఎండిన ఆకు. మొగిలయ్య దగ్గర వేడినీళ్ళు ఊరికే పోయించుకుని, చిటికెడు ఆకు వేసి, మూత పెట్టి, అది పచ్చబడేదాకా మాట్లాడతాడు. పచ్చబడ్డాకా మాట్లాడతాడు.

"మీరు తాగేది చాయ్ కాదు. పాలు, చక్కెర, దాంట్ల నల్లటి పొడి. అది మసి. అసలు ఆకును కాల్చద్దు, నలపద్దు, చెట్టు మీద ఎట్లున్నదో గట్లనే ఎండవెట్టాలె. గ్రీన్ టీ అంటరు ఇంగ్లీషుల. అస్సాంల మా క్యాంపు పక్కనే తోట. నాకు అప్పుడు మోకాళ్ళ నొప్పులు, మెట్టు ఎక్కాలంటే దేవుళ్ళు కనపడుతున్నరు. తోటల ఒక ముసలామె ఇంత ఆకు చేతుల పెట్టి, తాగు బిడ్డా అన్నది. తాగిన. నొప్పి జర తగ్గింది. మొత్తం పోయిందని చెప్పను, నాకు గొప్పలు చెప్పుకునుడు రాదు, తగ్గింది."

"మా ఆయనకూ మోకాళ్ళే," అంది పూలమ్మ. ఆమె గేటు దగ్గర రోగుల కోసం బత్తాయిలు అమ్ముతుంది. ఎండ ముదిరితే గంప ఎత్తుకొచ్చి ఈ రేకుల నీడలో కూర్చుంటుంది.

"మోకాళ్ళేంది అక్కా, ఇను. లీవు మీద ఇంటికొస్తాన. బండి నెక్కొండ స్టేషన్‌ల ఆగింది. పచ్చచాయ్‌కి వేడినీళ్ళ కోసం దిగిన. నీళ్ళు పట్టుకునేసరికి బండి కదిలింది. నా సామానంత బండిల. ఇంకోడైతే మొత్తుకుంటడు. నేను నిలవడి, నిమ్మలంగ, ఆకేసుకుని, పచ్చవడేదాంక ఆగి, తాగి, అప్పుడు ఉరుకుడు షురూ చేసిన. చింతలపల్లి కాడ గార్డు డబ్బా దొరికింది. ఎక్కచ్చు. ఎక్కలే. ఎందుకెక్కాలె? కాళ్ళు ఆగుతలెవ్వు. ఇంజన్ దాటంగ డ్రైవర్ నన్ను చూసి పొయ్యిల బొగ్గు ఇంకింత పోయించిండు. అయినా అందలే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వరంగల్ స్టేషన్‌ల బెంచీ మీద నేను కూసున్నంక, చాయ్ రెండోసారి కాచుకుని తాగినంక, అప్పుడొచ్చింది బండి. పోయి నా సీట్ల టవల్ తీసుకున్న."

"టికెట్ నెక్కొండ దాంక అడిగిండ్రా, వరంగల్ దాంక అడిగిండ్రా?" అన్నాడు రిక్షా రాయమల్లు. సవారీ దొరికేదాకా అతని నివాసం రెండో బెంచీ.

"టికెట్ అడుగుతడా? టీసీ సలాం కొట్టిండు."

"కాకా," అన్నాడు కొమురెల్లి, "నాదొక మాట..."

"నీది ఏ దిక్కు బిడ్డా?"

"పరకాల దిక్కు. మా ఆమె..."

"పరకాల! మంచిగ చెప్పినవ్. పరకాల అంగడిల ముసలి బర్రె సంగతి ఇన్నవా?"

"ఇనలే కాకా. అది కాదు, దవాఖానల..."

"ఎట్ల ఇంటవ్? నువ్వు పుట్టకముందు ముచ్చట. మా మేనమామ కొనుక్కచ్చిండు. పళ్ళు లెవ్వు, ఈనక ఏండ్లైతాంది, కోతకే పోవాలె. నేను తాగి పారవోసిన పచ్చచాయ్ పిప్పి దాని ముందల పడ్డది. నాకింది. తెల్లారి లేచి చూస్తే చెంబు కింద పెట్టకముందే పాలు. రెండో దినం ఏమైందో ఎరుకేనా? పాలు పచ్చగ వచ్చినయ్. మూడో దినం పచ్చగ, పొగలు కక్కుకుంట వచ్చినయ్. పాలు కాదు, ఏకంగ చాయే. ఊరంత గ్లాసులు పట్టుకుని బర్రె ఎనక లైను."

"గా బర్రెను నాకన్న అమ్మకపోతివే," అన్నాడు మొగిలయ్య, "బొగ్గుల బాధ తప్పును."

రాయమల్లు నవ్వాడు. పూలమ్మ గంపలో కాయలు తిప్పి పెట్టుకుంది. కొమురెల్లి గేటు వైపు చూశాడు. వార్డు ఆయా బయటికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికోసమో చూసి, లోపలికి పోయింది.

"నిరుడు స్కైలాబ్ సంగతి మీరే చూసిండ్రు గదా," అన్నాడు వెంకట్రాజం. మాటకు వేడెక్కిందంటే ఆయన గ్లాసు కింద పెట్టేస్తాడు, రెండు చేతులూ కావాలి. "మీరందరు పిల్లలను కావలించుకుని గుళ్ళల్ల పండుకున్నరు. నేను వాకిట్ల మంచమేసుకున్న. రెండు గ్లాసులు తాగిన. నడిమిట్ల ఎర్రగ, ఉరుముకుంట, సక్కగ మా మట్టెవాడ మీదికే వస్తాంది. మంచంల కెల్లి లేవలే. ఉన్నకాడనే ఊపిరి పీల్చి ఒక్కటే ఊదుడు ఊదిన. పోయి ఎక్కడనో సముద్రంల పడ్డది."

"రేడియోల గిట్ల చెప్పలే గదా," అన్నాడు రాయమల్లు.

"రేడియోకెవడు చెప్పిండు? నేను చెప్పుకునే మనిషినా?"

"కాకా, జర నేను..." కొమురెల్లి సగం లేచాడు.

"కూసో బిడ్డా, కూసో. ఇవన్ని చిన్న ముచ్చట్లు. మోకాలు, బర్రె, స్కైలాబ్ ఇవన్ని ఏంటివి? పైపైన. పచ్చచాయ్ అసలు పని ఎక్కడ చేస్తదో ఎరుకేనా? రక్తంల."

కొమురెల్లి కూర్చున్నాడు. మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూశాడు.

"డెబ్బయ్యొకటి లడాయి. బార్డర్ కాడ టెంటే దవాఖాన. దెబ్బలు తాకినోళ్ళను తెచ్చి వరసవెట్టి పండవెట్టిండ్రు. సర్దార్లు, గూర్ఖాలు, మద్రాసోళ్ళు. డాక్టర్ కర్నల్ సాబ్ బయటికచ్చి ఖూన్ కావాలన్నడు. కంపెనీ కంపెనీ నేల చూపులు చూస్తాంది. ఆరడుగుల మొగోళ్ళు, మీసాలు మెలేసినోళ్ళు, ఒక్కడు చేయి లేపితే ఒట్టు. నేను ఒక్క గుక్క తాగి, అంగి చేయి మీదికి మలిచి, పండుకున్న. సూది గుచ్చిండ్రు. బాటిల్ నిండింది. ఇంకోటి పెట్టుండ్రి అన్న. నిండింది. బాటిళ్ళు ఒడిసినయ్. రమ్ము సీసాలు కడిగి తెచ్చిండ్రు, అవీ ఒడిసినయ్. వంటింట్ల పప్పు డేగిసా ఉంటే అది తెచ్చిండ్రు. కర్నల్ సాబ్ 'బస్ కరో' అని దండం పెడుతాండు. నేను పండుకున్న కాడికెల్లే, 'సాబ్, నాకింక చేయి తేలిక గూడ కాలేదు' అన్న."

"ఆఁ," అన్నాడు మొగిలయ్య, పొయ్యి మీది పాల వైపు కూడా చూడకుండా.

"ఆ రక్తం అందరికి ఎక్కించిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? తెల్లారి ఒక సర్దార్ కండ్లు తెరిచిండు. నర్సమ్మ దిక్కు చూసి, 'ఏంది గట్ల చూస్తానవ్, జర సర్వపిండి చేసి పెట్టరాదు' అన్నడు. పక్క మంచం మీది గూర్ఖా లేచి, 'నాకు రెండు, అంచులు మాడాలె' అన్నడు. టెంట్ టెంటంత వరంగల్ మాటనే. కర్నల్ సాబ్ పరేషాన్. వాళ్ళ మాట వాళ్ళ పెద్దలకే సమజైతలేదు. ఆఖరుకు తర్జుమా చేసెటందుకు నన్నే అక్కడ ఆర్నెల్లు ఉంచుకున్నరు."

రాయమల్లు బెంచీ చరిచి నవ్వాడు. పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుండ్రి. ఇప్పటికీ గంతే. ఈ నరాలల్ల ఎంతున్నదో నాకే తెల్వదు. ఎవడన్న ముందలికచ్చి, వెంకట్రాజం, ఒక్క బాటిల్ ఇయ్యి అని అడగాలె గని..."

"నేనడుగుతాన కాకా."

కొమురెల్లి లేచి నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువాలు పట్టుకున్నాడు.

"మా ఆమె లోపలున్నది. కడుపుల గడ్డ. నాది తీసిండ్రు, ఇంకొకటి కావాలన్నరు. పదింటికి డాక్టర్ పోతడు. పొద్దటిసంది మిమ్ములనే అడుగుదామని కూసున్న. మీరు డేగిసాలు నింపిండ్రు. నాకొక్క బాటిల్ చాలు."

పొయ్యి మీద పాలు పొంగి బొగ్గుల మీద పడ్డాయి. మొగిలయ్య గిన్నె దించాడు.

వెంకట్రాజం గ్లాసు అందుకుని, అందులో ఏమీ లేకపోయినా ఒక గుక్క తాగాడు.

"ఇయ్యచ్చు బిడ్డా. ఇయ్యద్దని కాదు. ఏంటిదంటే, నాది మామూలు రక్తం కాదు. మస్తు బలం. ఆడమనిషి, అందుల పాణం బాగలేని మనిషి, తట్టుకోవాలె గదా. సర్దార్లు గాబట్టి తట్టుకున్నరు."

"బలమెక్కువైతే ఇన్ని నీళ్ళు కలుపుతరు తియ్యి," అంది పూలమ్మ. "మొగిలయ్య పాలల్ల కలుపుతలేడా?"

"నా పాలు ఎందుకే నడుమల?" అన్నాడు మొగిలయ్య.

"మళ్ళ ఇయ్యాల శనివారం," అన్నాడు వెంకట్రాజం.

"లడాయి శనివారాలు బంద్ పెట్టిండ్రా తమ్మీ?" పూలమ్మ గంప పక్కకు జరిపి లేచింది. "లే. కోసిన కాయలెక్క ఇంతసేపు ఒలిచి ఒలిచి చూపిస్తివి. ఇప్పుడు ఒక్క తొన ఆ పోరనికి పెట్టు. నడువు, నేను గూడ వస్త."

వెంకట్రాజం అందరి మొహాలూ చూశాడు. కథ నడిచినంతసేపూ అవి ఆయన చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ చిక్కలేదు. డబ్బా సంచిలో పెట్టుకుని, చొక్కా సర్దుకుని, లేచాడు. రాయమల్లు రిక్షా ఎక్కమన్నాడు. రోడ్డు దాటడానికి రిక్షా ఎందుకన్నాడు ఆయన. ఆ మాట మెల్లగా వచ్చింది.

వెనక మొగిలయ్య కూడా బయల్దేరాడు, చాయ్ వడపోసే బట్ట చేతిలోనే ఉంది. తమాషా చూడాలని.

రక్తం తీసే గదిలో బల్ల మీద ఒక గాజు గిన్నె. అందులో నీలం నీళ్ళు. మైలుతుత్తం నీళ్ళని అక్కడి మనిషి చెప్పాడు. వేలి కొసన సూది గుచ్చి ఒక బొట్టు అందులో వేస్తారు. బొట్టు మునిగితే రక్తం చిక్కగా ఉన్నట్టు, తీసుకుంటారు. తేలితే తీసుకోరు.

వెంకట్రాజం కళ్ళు మూసుకుని వేలు చాపాడు. బొట్టు పడింది. కొంచెం కిందికి దిగినట్టే దిగి, ఆగి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ పైకి వచ్చింది. ఆ మనిషి ఇంకో వేలు గుచ్చాడు. అదీ తేలింది.

"పెద్దాయనా, మీరు ఇచ్చేటోళ్ళు కాదు, ఎక్కించుకునేటోళ్ళు. పొద్దున ఏం తిన్నరు?"

వెంకట్రాజం సంచిలోని రేకు డబ్బా తడుముకున్నాడు.

"నిన్న?"

కిటికీలోంచి గోడ వెనక వైపు కనిపిస్తోంది. అటు సున్నమే, నినాదాలు లేవు. పూలమ్మ అటే చూస్తోంది. ఆకలి కాదు అని ఆయన రోజూ అన్నిటికంటే ముందు చెప్పే మాట, అందరూ అసలు కథ కోసం దాటేసే మాట, అప్పుడు ఆ గదిలో ఉన్న వాళ్ళందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

కొమురెల్లి గోడ గడియారం చూశాడు. తలుపు వైపు తిరిగాడు, రోడ్డు మీద నిలబడి కొత్తవాళ్ళను అడగడానికి.

"ఆగు," అన్నాడు మొగిలయ్య. చేతిలోని బట్ట పూలమ్మకు ఇచ్చాడు. "అక్కా, పొయ్యి కాడ పాలున్నయి. జర చూడు పో." వేలు చాపుతూ ఆ మనిషిని అడిగాడు, "మల్ల ఊరుతదా సారూ, నిజం చెప్పు. నాకు ముగ్గురు పిల్లలు."

"ఊరుతది."

"ఒట్టేనా?"

"ఒట్టు."

బొట్టు నీలం నీళ్ళలో పడి, రాయిలా, అడుగుకు పోయింది.

మరుసటి పొద్దున వెంకట్రాజం రాడనుకున్నారు. ఎనిమిదికే వచ్చాడు. చొక్కాకు ఇస్త్రీ ఉంది. కూర్చున్నాడు కాని డబ్బా తీయలేదు. వేడినీళ్ళు అడగలేదు. రాయమల్లు బీడీ ముట్టించుకుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. కథ లేని ఆ హోటల్‌లో ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు.

గేటులోంచి కొమురెల్లి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎట్లున్నదిరా?" అంది పూలమ్మ.

"గడ్డ తీసిండ్రు. మంచిగనే ఉన్నది." అతను బెంచీ మీద కూర్చుని, ఒకసారి మొగిలయ్యను, ఒకసారి వెంకట్రాజాన్ని చూశాడు. "ఇందాక కండ్లు తెరిచింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా కాకా?"

వెంకట్రాజం తలెత్తాడు.

"నర్సమ్మ గ్లాసుల నీళ్ళు తెచ్చిచ్చింది. మా ఆమె, పుట్టి బుద్ధెరిగి ఎవలనూ ఒక మాట అనని మనిషి, కండ్లెర్రజేసి, 'గ్లాసు పైలం, అది నాది' అన్నది."

ముందు పూలమ్మ నవ్వింది. తర్వాత రాయమల్లు. మొగిలయ్య గరిటె కింద పెట్టి, ఎక్కడ ఆపుకోవాలో తెలియక, సూది గుచ్చిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నవ్వాడు. వెంకట్రాజం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆఖరున, గట్టిగా నవ్వాడు. ముందుకు జరిగి కూర్చున్నాడు.

"గది నేను చెప్తనే ఉన్న గదా! రక్తం అంటే మాట. ఇప్పుడు నాదే చూడుండ్రి. తేలింది. ఎందుకు తేలింది? ఈ వరంగల్ల ఎవని రక్తమన్న తేలంగ చూసిండ్రా? అందరిది మునుగుతది. పచ్చచాయ్ తాగినోని రక్తం..."

మొగిలయ్య పాల చాయ్, రెండు బన్నులు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఏందిది? నాకు ఆకలి కాదు."

"నిన్న నీలం నీళ్ళల్ల చూసినం తియ్యన్నా. తిను."

వెంకట్రాజం బన్ను అందుకున్నాడు. తుంచి చాయ్‌లో ముంచాడు. రెండో ముక్క ముంచేటప్పుడు మొదటిది ఇంకా నోట్లోనే ఉంది. బెంచీ మీద పడ్డ పొడి కూడా వేలితో అద్దుకున్నాడు. అప్పుడు చెయ్యెత్తి, నిండిన నోటితోనే, "ఆ తర్వాత..." అన్నాడు.

"మింగు," అన్నాడు మొగిలయ్య. "మింగినంక చెప్పు. అందరం ఈడనే ఉంటం."